గంట మోగాక ఏం జరగాలి? గృహహింసపై యువత ప్రచారం: ‘బెల్ బజావో’ కేస్ స్టడీ

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి విషయాల మీద మనం చేసే ప్రచారం చాలావరకు దెబ్బలు తింటున్న స్త్రీతోనే మాట్లాడుతుంది: ఫిర్యాదు చెయ్యి, మౌనం వీడు, బయటికి రా. గోడకు ఇవతల కూర్చుని ఆ చప్పుడు వింటున్నవాళ్లకు ఏమీ చెప్పదు. 2008లో బ్రేక్‌త్రూ అనే స్వచ్ఛంద సంస్థ ఈ వరసను తిరగేసింది. ‘బెల్ బజావో’ పేరుతో అది చేసిన ప్రచారం వింటున్నవాళ్లను, అందులోనూ మగవాళ్లను, కుర్రాళ్లను ఉద్దేశించింది. వాళ్లను అడిగింది ఒక్క పనే: పక్కింట్లో కొడుతున్నట్టు వినిపిస్తే వెళ్లి కాలింగ్ బెల్ నొక్కండి.

ఆ ప్రకటనలను ఓగిల్వీ అండ్ మేథర్ సంస్థ రూపొందించింది. ఒకదాంట్లో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే ఒక ఇంట్లోంచి కొడుతున్న చప్పుడు, ఏడుపు వినిపిస్తాయి. ఆట ఆగిపోతుంది. ఒక కుర్రాడు వెళ్లి బెల్ నొక్కి, బంతి ఇటు వచ్చిందా అని అడుగుతాడు. బంతి వాళ్ల దగ్గరే ఉంది. ఆ సంగతి తలుపు తీసినవాడికీ అర్థమవుతుంది. ఇంకోదాంట్లో ఒకాయన ఫోన్ చేసుకోవచ్చా అని అడుగుతుండగానే ఆయన ఫోనే మోగుతుంది. మరోదాంట్లో పాలు అడుగుతారు. నటుడు బొమన్ ఇరానీ ఈ ప్రచారానికి రాయబారిగా నిలబడ్డాడు. 2010లో ఈ చిత్రాలకు కాన్ ప్రకటనల ఉత్సవంలో సిల్వర్ లయన్ అవార్డు వచ్చింది.

యువతతో పనిచేసేవాళ్లు ఈ చిత్రాలను విప్పి చూడాలి. ఎక్కడా దెబ్బ కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. బెల్ నొక్కినవాడు ఉపన్యాసం ఇవ్వడు, తప్పని చెప్పడు, ఆమె గురించి అడగడు. తనకేదో కావాలని అడిగి వెళ్లిపోతాడు. ఆ అర నిమిషంలో రెండు పనులు జరుగుతాయి. కొడుతున్న చెయ్యి ఆగుతుంది, ‘బయట వింటున్నారు’ అన్న మాట అతనికి చేరుతుంది. మామూలు కుర్రాడు కూడా చేయగలిగినంత చిన్న పని అది. అంతకన్నా పెద్ద పని అడిగితే చాలామంది చెయ్యరు, చేసే కొద్దిమంది ప్రమాదంలో పడతారు.

టీవీలో వేసి ఊరుకోలేదు. వీడియో వ్యాన్లు మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్ జిల్లాల్లో తిరిగాయి. ప్రకటనలతోపాటు వీధి నాటకాలు, ప్రశ్నలు-జవాబుల ఆటలు సాగాయి. యువతకు, స్థానిక సంఘాల వాళ్లకు శిక్షణలు నడిచాయి. ప్రచారం 13 కోట్ల మందికి చేరిందని సంస్థ లెక్క. ఆ అంకె చూసినవాళ్లది. తలుపు దాకా వెళ్లినవాళ్లది వేరే లెక్క, దాన్ని ఏ టీవీ రేటింగూ చెప్పదు. ఇంకో పరిమితి కూడా ఉంది. బెల్ ఉన్నది ఫ్లాట్లకు, పక్కా ఇళ్లకు. బస్తీలో, పల్లెలో తలుపు తీసే ఉంటుంది, కొట్టేది వాకిట్లోనే కావచ్చు, వింటున్నవాళ్లు చుట్టాలే కావచ్చు. పైగా బెల్ మోగిన తర్వాత లోపల ఉన్న ఆమెకు ఏమైందో ఆ చిత్రాలు చెప్పవు. ప్రకటనకు అంత చోటు ఉండదు. ఆ మిగిలిన కథను క్షేత్రంలో పనిచేసేవాళ్లే పూర్తి చెయ్యాలి.

హర్యానా నేర్పింది

అదే సంస్థ తర్వాత హర్యానా ప్రభుత్వ పాఠశాలల్లో ‘తారోం కీ టోలీ’ అనే కార్యక్రమం నడిపింది. 2011 జనగణనలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 834 మంది ఆడపిల్లలే ఉన్న రాష్ట్రం అది. సోనీపత్, పానీపత్, రోహ్‌తక్, ఝజ్జర్ జిల్లాల్లో 314 పాఠశాలలను తీసుకుని, లాటరీ పద్ధతిలో 150 చోట్ల కార్యక్రమం పెట్టారు, మిగతావాటిని పోలికకు వదిలారు. ఏడో తరగతి నుంచి మొదలై రెండున్నరేళ్ల పాటు, దాదాపు మూడు వారాలకోసారి, 45 నిమిషాల చొప్పున 27 తరగతులు. ఇంటిపని ఎవరిది, చదువు ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్న చర్చలే పాఠం.

ఫలితాన్ని ఆర్థికవేత్తలు దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ కొలిచారు. 2022లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. ఆడా మగా సమానత్వానికి వ్యతిరేకంగా ఉన్న అభిప్రాయాల్లో 16 శాతం సమానత్వం వైపు తిరిగాయి. కార్యక్రమం ముగిసిన రెండేళ్ల తర్వాత వెళ్లి అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది. నడవడిలో మార్పు మాత్రం మగపిల్లల్లో ఎక్కువ కనిపించింది, ఇంటిపనుల్లో చెయ్యి వెయ్యడం లాంటివి. ఆడపిల్లల ఆలోచన మారినా చేతల్లో అంతగా రాలేదు. బయటికి వెళ్లాలన్నా, చదువు కొనసాగించాలన్నా వాళ్ల చేతిలో ఉన్నది తక్కువ కాబట్టి. మగపిల్లవాడు గిన్నె కడగాలనుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు.

27 తరగతులు పెడితే కదిలింది 16 శాతం. ఒక్కరోజు ర్యాలీతో, ఒక సంతకాల బ్యానరుతో సమాజాన్ని మారుస్తామనుకునే ప్రతి నిర్వాహకుడూ ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. ప్రచారం మనిషికి ఏం చెయ్యాలో చూపిస్తుంది. చెయ్యాలన్న బుద్ధి పుట్టడానికి నెలలు పడుతుంది. రెండూ ఉండాలి, వాటి చివర ఆమెకు నిజంగా అందే సాయం ఉండాలి. ఈ మూడోది లేకుండా మొదటి రెండూ చెయ్యడం అన్యాయమని నా అభిప్రాయం.

మన దగ్గర ఎక్కడ మొదలెట్టాలి

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మగవాడు భార్యను కొట్టడం ఏ సందర్భంలోనైనా సబబేనా అని ఏడు కారణాలు చదివి అడిగారు: చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, పడకకు రానని అనడం, వంట సరిగా చెయ్యకపోవడం, శీలం మీద అనుమానం, అత్తమామలను గౌరవించకపోవడం. వీటిలో కనీసం ఒకదానికి కొట్టడం సబబేనన్న స్త్రీలు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం చొప్పున. పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో హింస అనుభవించినవాళ్లు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. హింసకు గురైనవాళ్లలో దేశవ్యాప్తంగా 77 శాతం ఎవరికీ చెప్పుకోలేదు, సాయమూ అడగలేదు.

అంటే మన కార్యకర్తలు ఎదుర్కొనేది ‘ఆలుమగల మధ్య మనమెందుకు’ అనే పొరుగువాళ్లనే కాదు. ‘తప్పు చేస్తే కొట్టడా’ అనే అమ్మలను, అత్తలను, ఆ మాటలు వింటూ పెరిగిన తమనే. అందుకే తొలి రెండు సమావేశాలు బయటి ప్రపంచం గురించి కాకుండా ఈ ఏడు కారణాల గురించే ఉండాలి. ఒక్కో కారణాన్నీ ఒక్కో చీటీ మీద రాయించి, ‘సబబు’, ‘కాదు’, ‘చెప్పలేను’ అని మూడు మూలలు పెట్టి, చీటీ చదివినప్పుడల్లా నిలబడే చోటు ఎంచుకోమనాలి. ఎవరినీ తప్పుపట్టకూడదు. ‘ఎదురు మాట్లాడితే’ దగ్గర సబబన్న మూలలో ఆడపిల్లలే గుంపుగా నిలబడవచ్చు. అప్పుడు శిక్షకుడు అడగాల్సింది ఒక్కటే: ‘అదే మాట ఆఫీసులో పై అధికారి అంటే ఈయన కొడతాడా?’ తాగుడు ప్రస్తావన వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న పనికొస్తుంది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటంలో ఆడవాళ్లు తాగుడుకూ దెబ్బలకూ ఉన్న ముడిని బయటపెట్టారు, 1993లో సారా నిషేధం తెచ్చారు. తాగుడు దెబ్బలను పెంచుతుందన్నది నిజమే. కానీ తాగినవాడు కూడా ఎవర్ని కొట్టాలో చూసుకునే కొడతాడు. ఆ తేడా పిల్లలకు తెలియాలి.

మూడో సమావేశానికి సామెతలు తెమ్మనండి. ‘మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు’ అనేది ఎవరో ఒకరు తెస్తారు. ఆ నవ్వే తోటికోడలి చోట తామెప్పుడు నిలబడ్డారో మాట్లాడుకోవాలి. నాలుగోది చట్టం. ఐదోది తలుపు దగ్గర మాటల సాధన. ఆరోది సాయం అందించే చోట్లకు వెళ్లి చూడడం. ఈ ఆరూ పూర్తి కాకుండా ఎవరినీ ఊళ్లోకి పంపవద్దు. బృందం 20-25 మందికి మించకూడదు, సమావేశం గంటన్నర. మొదటి మూడూ అమ్మాయిలకు, అబ్బాయిలకు విడివిడిగా, తర్వాత కలిపి. మొదటిరోజే కలిపితే అబ్బాయిలు జోకులేస్తారు, అమ్మాయిలు నోరు విప్పరు.

కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ అనువైన చోటు. ఏడాదికి 120 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం ఎలాగూ ఉంటాయి. కాలేజీ లేని ఊళ్లో కబడ్డీ, వాలీబాల్ జట్లు. ఆటల జట్లతో పనిచేసే పద్ధతికి అమెరికాలో ‘కోచింగ్ బాయ్స్ ఇంటూ మెన్’ అనే నమూనా ఉంది. కోచ్ చేతికి కార్డులిస్తారు, ప్రాక్టీసుకు ముందు వారానికోసారి పది పదిహేను నిమిషాలు ఒక కార్డు మీద మాట్లాడతాడు. ముంబైలో క్రికెట్ కోచ్‌లతో ‘పరివర్తన్’ పేరుతో దీన్ని మలిచారు. కాలిఫోర్నియాలో 16 హైస్కూళ్లలో చేసిన అధ్యయనంలో తోటివాళ్ల దుష్ప్రవర్తనకు అడ్డుపడే అలవాటు పెరిగింది. కోచ్ మాటకున్న బరువు బయటి వక్తకు ఉండదు. అయితే కోచే పిల్లలను ‘ఆడంగివాడిలా ఆడతావేంరా’ అని తిట్టే మనిషైతే ముందు ఆయనకు శిక్షణ ఇవ్వాలి, లేదా వేరే మనిషిని చూసుకోవాలి.

తలుపు దగ్గర

బెల్ లేనిచోట పిలుపే బెల్లు. ఏమని పిలవాలి, ఎవరిని పిలవాలి అన్నదాని మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. కుర్రాడు వెళితే ఇంటి మగవాడినే పిలవాలి: ‘అన్నా, నిచ్చెన ఒకసారి ఇస్తావా’, ‘బాబాయ్, మా గేదె ఇటేమన్నా వచ్చిందా’, ‘మామా, మోటార్ ఆగింది, ఒక్కసారి వస్తావా’. ఆమెను పేరు పెట్టి అడగడం, ‘అక్క ఏదీ’ అనడం వద్దే వద్దు. అలా అడిగిన కుర్రాడు వెళ్లిపోగానే ‘వాడికీ నీకూ ఏంటి’ అన్న ప్రశ్నతో రెండో విడత మొదలవుతుంది. మంచి మనసుతో వెళ్లి ఆమెకు ఎక్కువ దెబ్బలు తెచ్చిపెట్టే మార్గం ఇదే. ఆడవాళ్లు వెళితే ‘వదినా, తోడుకి కాస్త మజ్జిగుందా’ అని ఆమెనే పిలవవచ్చు. ఆమె బయటికి రాగలిగితే నాలుగు నిమిషాలు నిలబెట్టి మాట్లాడండి.

ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. ముగ్గురు వెళ్లి ఒకరు పిలవాలి, ఇద్దరు కనిపించేంత దూరంలో ఉండాలి. ‘మాకు వినిపించింది’ అనకూడదు. గడప దాటకూడదు. వీడియో తియ్యకూడదు. ఆ వీడియో ఊళ్లో తిరిగితే పరువు పోయేది అతనిదనే మనం అనుకుంటాం, కానీ ఆ కోపం తీర్చుకునేది ఆమె మీదే. కత్తి, గొడ్డలి, కిరోసిన్, పురుగుమందు మాట వినిపిస్తే, గొంతు నులుముతున్నాడని తెలిస్తే, ఆమె గర్భిణి అయితే పిలుపులూ నిచ్చెనలూ లేవు: దూరం నుంచే 112కి (అత్యవసర పోలీసు సాయం) ఫోన్ చెయ్యాలి. పద్దెనిమిది నిండనివాళ్ల పని పెద్దవాళ్లకు చెప్పడం వరకే. ప్రకటనలో పిల్లవాడు తలుపు దాకా వెళ్లాడు కదా అని పిల్లలు అడుగుతారు. అది సినిమా అని సూటిగా చెప్పాలి.

పొరుగువాళ్లు భయపడేది కేసుల్లో ఇరుక్కుంటామని. గృహహింస చట్టంలోని 4వ సెక్షన్ ఈ భయానికి జవాబు. హింస జరుగుతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు. ఈ ఒక్క వాక్యాన్ని పెద్దక్షరాల్లో గోడ మీద రాయించడం పది నినాదాలకన్నా మేలు.

మర్నాడు

తలుపు తట్టిన మర్నాడు, అతను ఇంట్లో లేని వేళ, ఆమె దగ్గరికి వెళ్లేది విద్యార్థి కాదు. ఆ వీధిలో ఆమె నమ్మే ఆడమనిషి వెళ్లాలి: ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, డ్వాక్రా సంఘం లీడరు. ప్రచారం మొదలయ్యేనాటికే వీళ్లలో కనీసం ఇద్దరితో మాట్లాడి ఉంచాలి. ‘ఎందుకు పడుతున్నావు’ అని అడగకూడదు. ‘నీకేం కావాలి’ అని అడగాలి. చాలామందికి కావాల్సింది విడాకులు కాదు, కొట్టడం ఆగడం. ఆ చట్టం ఇచ్చేదీ అదే: కొట్టకుండా 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటకుండా 19 కింద నివాసపు ఉత్తర్వు, 20 కింద ఖర్చులు. ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లో తొలి విచారణ, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం జరగాలని చట్టం అంటుంది. ఆచరణలో ఆలస్యమవుతుంది, ఆ మాట ముందే చెప్పాలి. క్రూరత్వం మీద క్రిమినల్ కేసు వేరే దారి. పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 498ఏ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వచ్చాయి. ఈ రెండు దారుల తేడా తెలియకే చాలామంది ‘కేసు పెడితే కాపురం పోతుంది’ అని ఆగిపోతారు.

వెళ్లిపోవాలని ఆమె నిర్ణయించుకుంటే అత్యంత ప్రమాదకరమైన సమయం అదే. ‘వెంటనే వచ్చెయ్’ అని తొందరపెట్టవద్దు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, మందులు, కొంత డబ్బు నమ్మకమైన ఇంట్లో దాచాలి. ఫోన్‌లో ఫొటోలు దాచడం మంచిది కాదు, అతను ఫోన్ చూస్తాడు. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజుల బస ఒకే చోట దొరుకుతాయి. ఉచిత న్యాయ సహాయానికి స్త్రీకి ఆదాయ పరిమితి లేదు, నంబరు 15100.

నంబర్ల కార్డు ముద్రించేటప్పుడు మీద ‘గృహహింస’ అని రాస్తే అది ఆమె ఇంట్లో ఉండలేదు. 108, 104, కరెంటు ఫిర్యాదుల 1912, గ్యాస్ లీకేజీకి 1906, వాటి మధ్యలో 181 (మహిళల హెల్ప్‌లైన్), 112, 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 15100. ‘ఇంటికి కావాల్సిన నంబర్లు’ అని పైన శీర్షిక. ఊళ్లో ప్రతి ఇంటికీ పంచాలి, కొన్ని ఇళ్లకే ఇస్తే వాళ్లను వేలెత్తి చూపినట్టవుతుంది. ముద్రించే ముందు 181కి ఆ ఊరి సిగ్నల్ మీదే, పగలొకసారి రాత్రొకసారి చేసి చూడాలి: ఎవరు ఎత్తారు, ఏ వివరాలు అడిగారు, ఎక్కడికి పంపుతామన్నారు. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయానికి వెళ్లి రక్షణాధికారి ఎవరో, ఏ వేళ దొరుకుతారో తెలుసుకోవాలి. ఈ పని చాలాచోట్ల వేరే బాధ్యతలున్న అధికారికి అదనంగా ఉంటుంది. ఆ సంగతి కూడా కార్యకర్తలకు తెలిసి ఉండాలి.

ఎక్కడ చెడుతుంది

వీధి నాటకంలో దెబ్బల సన్నివేశం పెడితే చెడుతుంది. కుర్రాళ్లు ఈలలు వేస్తారు, చిన్నపిల్లలు నవ్వుతారు, ఆ దెబ్బలు తిన్న స్త్రీ గుంపులోంచి లేచి వెళ్లిపోతుంది. దెబ్బను తెర వెనక ఉంచి, వింటున్న పొరుగువాళ్లను తెర ముందు నిలబెట్టండి. కమిలిన కన్ను ఉన్న పోస్టర్లూ వద్దు. మచ్చ లేకపోతే హింస కాదన్న అపోహను అవే పెంచుతాయి. జీతం లాక్కోవడం, ఫోన్ తీసేసుకోవడం, పుట్టింటికి పంపకపోవడం కూడా చట్టంలో ఉన్న హింసే.

అబ్బాయిలు రక్షకుల వేషం కట్టడం ఇంకో చెడు. ‘మన ఊరి ఆడపిల్లల్ని మనమే కాపాడాలి’ అన్న మాట నెలలోనే ‘రాత్రిపూట ఎందుకు తిరుగుతోంది’ దాకా వస్తుంది. ఇది తొంగిచూసిన రోజే ఆపాలి. బృందం నాయకత్వంలో సగం అమ్మాయిలు ఉంటే ఈ రోగం తక్కువ.

సమావేశాల్లో ఎవరో ఒకరు తమ ఇంటి సంగతి చెప్పేస్తారు. అందరి ముందు చెప్పనివ్వకుండా మెల్లగా ఆపి, తర్వాత విడిగా కూర్చోవాలి. వేదిక మీద ఎవరి అనుభవమూ చెప్పించవద్దు, చప్పట్లు కొట్టినవాళ్లు వెళ్లిపోతారు, ఆ అమ్మాయి అదే ఇంటికి వెళ్లాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లపై లైంగిక నేరం సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి, చెప్పకపోవడం నేరం. ఈ నియమం మొదటి సమావేశంలోనే అందరికీ తెలియజేస్తే ఏం చెప్పాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

ఫలితం కొలవడానికి లైకులు, ఫొటోలు పనికిరావు. ఆ ఏడు కారణాల చీటీనే పేరు లేకుండా కార్యక్రమానికి ముందొకసారి, అయిపోయిన మూడు నాలుగు నెలలకొకసారి నింపించాలి. శిక్షణ ఇచ్చినవాళ్లే నింపిస్తే వాళ్లకు నచ్చే జవాబు వస్తుంది, కాబట్టి వేరే మనిషి చెయ్యాలి. హర్యానా అధ్యయనంలో పిల్లలు మెప్పు కోసం జవాబిస్తున్నారేమో తేల్చడానికి వేరే ప్రశ్నల పట్టికే వాడారు. కార్యక్రమం జరగని పక్క కాలేజీలోనూ అదే చీటీ నింపిస్తే పోలిక దొరుకుతుంది. సాయం కోరినవాళ్ల లెక్కకు ఒక పుస్తకం చాలు: నెల, ఎక్కడికి పంపారు, అక్కడికి చేరారా. పేరు, వీధి రాయవద్దు. వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టవద్దు. ప్రచారం సాగుతున్నప్పుడు 181కి కాల్స్ పెరిగితే హింస పెరిగిందని కంగారుపడే అధికారులు ఉంటారు. దాగి ఉన్నది బయటికి వస్తోందని వాళ్లకు ముందే వివరించాలి.

క్యాలెండర్ సంగతి. నవంబరు 25 నుంచి డిసెంబరు 10 వరకు స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా ప్రపంచమంతా జరిగే పదహారు రోజుల ప్రచారంలో ఊళ్లోకి వెళ్లాలంటే సమావేశాలు ఆగస్టు చివర్లో మొదలవ్వాలి, మధ్యలో దసరా సెలవులు పోతాయి. ఫిబ్రవరి, మార్చి ఇంటర్ వాళ్లవి కావు. ఫైనలియర్ వాళ్లతోనే బృందం కడితే మే నెలకల్లా మిగిలేవాళ్లుండరు. అందుకే మొదటి సంవత్సరం వాళ్లను కనీసం ముగ్గురిలో ఒకరుగా తీసుకుని, నంబర్ల జాబితా, మర్నాడు ఆమె దగ్గరికి వెళ్లే ఆ ఇద్దరు ఆడవాళ్ల పరిచయం, రక్షణాధికారి కార్యాలయం దారి ఏప్రిల్‌లోనే వాళ్ల చేతిలో పెట్టాలి.